నిమిషానికి పన్నెండు రూపాయల డాక్టరమ్మ

అక్టోబర్ 6, సోమవారం

ఇవాళ నా ఫొటో చూశాను. నాది కాదు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, చిన్న బొట్టు, పళ్లు కనిపించేలా నవ్వు. కింద ‘డాక్టర్ సహజ, పశువైద్య నిపుణురాలు, పన్నెండేళ్ల అనుభవం’ అని ఉంది. పక్కన ఆకుపచ్చ చుక్క. ఆ చుక్క వెలుగుతుంటే నేను ఫోన్ దగ్గర కూర్చున్నట్టు. అంటే చుక్క నాది, ముఖం ఇంకెవరిదో.

రెండు నెలలుగా ఆ పేరుతోనే మాట్లాడుతున్నాను గానీ, రైతులకు ఆప్‌లో ఎలా కనిపిస్తానో ఎప్పుడూ చూసుకోలేదు. ఇవాళ బాలకిషన్ తన ఫోన్‌లో వేసుకొని చూపించాడు. చూపించి పడీ పడీ నవ్వాడు. పొద్దంతా కల్హేర్ రోడ్డు మీద ఆటో నడిపి వచ్చినవాడికి నవ్వుకోవడానికి ఇంకేం దొరుకుతుంది, పెళ్లాం తప్ప.

“ఏం డాక్టరమ్మా, బువ్వ పెడ్తవా, లేకుంటే దానికి గూడ నిమిషానికి పన్నెండేనా?” అన్నాడు.

కంచం ఠప్పున పెట్టాను.

పదో తరగతి పాసై, పశుమిత్ర ట్రైనింగ్ చేసినదాన్ని నేను. ఖేడ్ పశువుల దవాఖానలో డాక్టర్ సార్ వెంట ఆరేళ్లు తిరిగాను. గొర్రెలకు, మేకలకు నట్టల మందు తాగిస్తాను, టీకాలు వేస్తాను. సార్ ఫోన్‌లో చెబుతుంటే బర్రెకు నరానికి సీసా కూడా ఎక్కిస్తాను. నాకు వచ్చింది తక్కువేం కాదు. కానీ డాక్టర్ని కాను. పనిలో చేరేటప్పుడు రోజ మేడమ్‌కు ఇదే చెప్పాను. ఆమె హైదరాబాద్ ఆఫీసులో మా మీద పెద్ద. “డాక్టర్ అని మీరు అనకండి కోమల గారూ, ఆప్ అంటుంది” అంది. ఏం తెలివి!

‘బర్రె’ అనకూడదట, ‘గేదె’ అనాలట. ‘ఏందవ్వా’ అనకూడదు, ‘చెప్పండమ్మా’ అనాలి. రైతు దగ్గర నిమిషానికి పన్నెండు రూపాయలు తీసుకుంటారు కాబట్టి ఏడు నిమిషాల కంటే ముందు పెట్టేయకూడదు. ఏ రోగం గురించి అడిగినా చివరికి బలధార పేరు చెప్పాలి. అది వాళ్లు అమ్మే టానిక్. నారింజ రంగు, పాకం వాసన. నాకూ ఒక సీసా పంపారు. ఒక చుక్క నాలుక మీద వేసుకొని చూశాను. తూ.

అక్టోబర్ 8

ఒంగోలు దిక్కు నుంచి ఒక పెద్దాయన. గేదె ఊరికే తోక ఆడిస్తోంది, ఎందుకని అడిగాడు. ఈగలు తాతా, ఈగలు. అంత చెబితే పది సెకన్లలో అయిపోయేది. తోక ఏ పక్కకు ఎక్కువ ఆడిస్తోంది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా అని అడిగాను. ఆయన పాపం లేచి కొట్టంలోకి వెళ్లి చూసి, ఆయాసపడుతూ వచ్చి చెప్పాడు. “ఎడమ పక్కకమ్మా.” ఎడమ పక్క గురించి మూడు నిమిషాలు మాట్లాడాను. చివరికి బలధార.

“చాలా బాగా చెప్పారు మేడమ్. ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పరు” అన్నాడు. ఫోన్ పెట్టేశాక బయటికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. నా మీద నేనే ఉమ్మేసుకోవాలనిపించింది.

బాలకిషన్‌కు చెబితే మళ్లీ నవ్వాడు. అసలు వాడికి ఏదీ చెప్పకూడదు.

అక్టోబర్ 9

ఇవాళ ఫోన్ ఎత్తలేదు.

ఎత్తాను. నాలుగు.

అక్టోబర్ 11, శనివారం

గాలికుంటు టీకాలు. ఐస్ డబ్బా మోసుకొని పొద్దున ఆరు నుంచి తిరిగాను. నలభై రెండు పశువులు. ఒక దూడ కాలు తొక్కింది, బొటనవేలు నల్లబడింది.

కల్లమ్మ ఇంటి ముందు ఆగాను. వాళ్లకు బజారులో కిరాణా దుకాణం, బోరంచ రోడ్డు మీద పొలం, ఇంటి వెనక ఒక్కటే బర్రె. ఆ బర్రె మీద ఆమెకు ఉన్న ప్రేమ కొడుకు మీద కూడా లేదు. నన్ను చూడగానే గేటుకు అడ్డంగా వచ్చి నిలబడింది. చర్చి గల్లీ నుంచి వచ్చినవాళ్లు ఎంతవరకు రావాలో ఆ గేటుకు తెలుసు. టీకా వేయనులే అవ్వా, నెలలు నిండినదానికి వేయము అన్నాను. అప్పుడు కొంచెం పక్కకు జరిగింది.

గేటు మీద నుంచే చూశాను. పొదుగు నిండా దిగింది. ఎంత మంచి బర్రె! చెప్పకుండా ఉండలేకపోయాను.

“అవ్వా, నాలుగైదు రోజులల్ల ఈంతది. ఈనినాక మూడు రోజులు పాలు మొత్తం పిండకు. సగం పిండి సగం పొదుగుల్నే ఉంచు. గింత పాలిచ్చే బర్రెకు మొత్తం పిండితే ఒంట్ల సున్నమంతా దిగిపోతది, పడిపోతది.”

“ఏమే! నోట్ల శుభమే లేదానే నీకు? కడుపుతోనున్నదాన్ని పట్టుకొని పడిపోతదంటవా?” అంది కల్లమ్మ. “మా అత్తమ్మ కాలం సంది మొత్తమే పిండుతున్నం. మా గల్లీల ముప్పై ఇండ్లకు జున్ను పోవాలె. సగం పిండితే ఎవరి మూతికి రాస్త?”

వాళ్ల మనవరాలు శివాని ఇంటర్ చదువుతోంది. అరుగు మీద నుంచి, “అవ్వా, నిజమేనేమో. ఆప్‌ల డాక్టర్ మేడమ్‌ను అడుగుదామా?” అంది.

“ఆఁ, అడుగు. గా సహజమ్మ మంచిగ చెప్తదట. దుకాణంకాడ అందరు అంటున్నరు.”

డబ్బా చంకలో పెట్టుకొని వచ్చేశాను. సాయంత్రం చుక్క ఆర్పేసి కూర్చున్నాను. శివాని నా గొంతు గుర్తుపడితే? రోజ మేడమ్ ‘ఆన్‌లైన్‌కి రండి’ అని మూడుసార్లు పంపింది. తలనొప్పి అని రాశాను.

నిజంగానే తలనొప్పి.

అక్టోబర్ 12, ఆదివారం

ఇవాళ కూడా చుక్క పెట్టలేదు. వాళ్లు అడగాలనుకుంటే ఇంకే డాక్టర్నైనా అడుగుతారు. ఆప్‌లో ముప్పై మంది ఉన్నారు.

అక్టోబర్ 16, గురువారం

కల్లమ్మ బర్రె నిన్న పొద్దున ఈనింది. పెయ్యదూడ. శివాని మాకూ ఒక డబ్బా జున్ను తెచ్చింది. గేటు లోపలికి రానివ్వని మనిషి జున్ను మాత్రం పంపుతుంది, అదీ లోకం. “అవ్వ గీ డబ్బ ఎన్కకు ఇయ్యొద్దన్నది, నువ్వే ఉంచుకో” అని చెప్పి వెళ్లింది. అది ప్రేమో, ఇంకేదో నాకు తెలుసు.

జున్ను గట్టిగా, పసుపు రంగులో, యాలకులు వేసి ఉంది. ముప్పై ఇళ్లకు. అంటే చుక్క మిగలకుండా పిండారు.

తిన్నాను. బాలకిషన్‌కు కొంచెమే ఉంచాను.

అక్టోబర్ 17, శుక్రవారం

కల్లమ్మ బర్రె పొద్దున పడిపోయింది. శివాని ఆప్‌కు ఫోన్ చేస్తే అది నాకే వచ్చింది. దగ్గరలో ఉన్న పశుమిత్రను పిలవమనే చెప్పాను. వాళ్లు పిలవలేదు. నేనేం చేస్తాను? పిలవని పేరంటానికి వెళ్లేదాన్నా?

మధ్యాహ్నం నుంచి చుక్క ఆర్పేశాను.

అక్టోబర్ 18, శనివారం

చచ్చిపోయింది.

తెల్లవారగానే వాళ్ల మనిషి మా గల్లీకి వచ్చాడు. బర్రె బతికి ఉన్నప్పుడు మా గల్లీ గుర్తుకు రాలేదు. చచ్చాక వచ్చింది. తాడు తీసుకొని రమ్మని బాలకిషన్ చిన్నాయన తోమాకు కబురు. ట్రాక్టర్ ఉంది గానీ, కాళ్లకు తాడు కట్టడానికి ముట్టుకోవాలి కదా. తోమా మామ వెంట నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. నన్ను ఎవరూ ఆపలేదు. చచ్చిన బర్రె దగ్గరికి ఎవరైనా రావచ్చు.

కల్లమ్మ గోడకు ఒరిగి కూర్చొని ఉంది. “పూటకు ఎనిమిది లీటర్లిచ్చేది, ఎనిమిది లీటర్లు” అని ఏడుస్తోంది. ఆరు ఇచ్చేది. చచ్చినోని కండ్లు చారెడు. ఇలాంటి మాట ఇప్పుడు రాయడానికి నాకు చెయ్యెలా వస్తోంది?

తోమా మామ బర్రె తల ఎత్తాడు. దాని ముక్కులోంచి నురగ వచ్చింది. నారింజ రంగు నురగ. పాకం వాసన.

“గిదేంది కోమలా, ముక్కుల్నుంచి రంగొస్తున్నది?” అన్నాడు.

“నాకేం ఎర్క మామా” అన్నాను.

నాకు తెలుసు. పడుకున్న పశువుకు, గొంతు చచ్చుబడిన పశువుకు నోట్లో మందు పోస్తే అది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ట్రైనింగ్‌లో మొదటి రోజే చెబుతారు. వాళ్లు పోశారు. పోసింది వాళ్లు. నేను పోయమనలేదు. ఒకవేళ అన్నా, పాలజ్వరం వచ్చినదానికి సూది పడకపోతే ఎలాగూ చచ్చేదే. ఎలాగూ చచ్చేదే.

అక్టోబర్ 19, ఆదివారం

చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు ముందుకు రమ్మన్నారు. నా పక్కన కూర్చున్న లక్ష్మవ్వ లేచి తన మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పింది. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. బజారంతా పటాకుల చప్పుడు. కల్లమ్మ దుకాణం ముందు ఒక్క దీపం కూడా పెట్టలేదట. బాలకిషన్ చెప్పాడు.

సరే, రాస్తాను. అసలు ఏమన్నానో రాస్తాను. ఈ పుస్తకానికి కూడా అబద్ధం చెబితే ఇక నాకు దిక్కెవరు?

రోజ మేడమ్ పోరు పడలేక చుక్క మళ్లీ పెట్టాను. శుక్రవారం పొద్దున ఏడున్నరకు ఫోన్ మోగింది. తెర మీద నంబర్ రాదు, జిల్లా పేరే వస్తుంది. “నమస్తే అండి, డాక్టర్ సహజను మాట్లాడుతున్నాను” అన్నాను. అవతల శివాని. వెంటనే గుర్తుపట్టాను. తను నన్ను గుర్తుపట్టలేదు. వెనక కల్లమ్మ “నా ఎమ్మె, నా ఎమ్మె” అని ఏడుస్తోంది. ఎమ్మె అంటే బర్రె. వాళ్ల ఇంటి మాట కన్నడం, బాధ వస్తే అదే వస్తుంది.

చెవులు పట్టుకొని చూడమన్నాను. చల్లగా ఉన్నాయంది. మెడ వంచి పొట్ట మీద పెట్టుకుందా అంటే అవునంది. ముక్కు ఎండిపోయిందంది. అర నిమిషంలో తెలిసిపోయింది. పాలజ్వరం. పేరులో జ్వరం ఉంటుంది గానీ ఒళ్లు మంచులా చల్లబడుతుంది. కాల్షియం నరానికి ఎక్కిస్తే గంటలో లేచి మేత అడుగుతుంది. ఇంతకు ముందు మూడు బర్రెలకు నా చేత్తో ఎక్కించాను, మూడూ లేచాయి. డాక్టర్ సార్ హైదరాబాద్‌లో మీటింగ్‌కు వెళ్లాడు గానీ, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. సీసా నా ఎదురుగా మేకుకు తగిలించిన సంచిలో ఉంది. వాళ్ల కొట్టం మా ఇంటి నుంచి పది నిమిషాల నడక.

“మీకు దగ్గరలో పశుమిత్ర ఎవరైనా ఉన్నారా అండీ?” అని అడిగాను. ఇది నిజం. ఇది అడిగాను.

కల్లమ్మ ఫోన్ లాక్కుంది. “ఉన్నదమ్మా ఒకతి, కోమలని. చర్చి గల్లీది. దానికేమొస్తది డాక్టరమ్మా? మేకలకు మందు తాపుతది. మొన్న గేటుకాడ నిలబడి నా బర్రె పడిపోతదని నోరు పెట్టింది. గా నోటికే పడ్డది నా తల్లి. దాన్ని నా కొట్టంల అడుగు పెట్టనియ్య. నువ్వే చెప్పు తల్లీ, నువ్వు చదువుకున్నదానివి.”

తల్లీ అంది. నన్నే. ఒకే నోటితో, ఒకే ఊపిరిలో.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పుడు రాస్తుంటే మళ్లీ వస్తోంది. ఏదైనా ఎత్తి నేలకు కొట్టాలనిపించింది. ఫోన్ చేతిలో వేడెక్కింది. దాన్ని చెవికి ఇంకా గట్టిగా ఆనించి, సహజ గొంతుతో, ఎంతో నెమ్మదిగా, “సరేనండి. అటువంటి వాళ్ల చేత వైద్యం చేయించకండి” అన్నాను.

అన్నాను.

తర్వాత బలధార చెప్పాను. ఇంట్లో ఉందన్నారు, ఇంతకు ముందే తెప్పించారట. అప్పుడు శివాని అడిగింది. ఆ పిల్ల అడిగింది! “మేడమ్, పండుకున్నది కదా, నోట్ల పోయొచ్చా?” పదిహేడేళ్ల పిల్లకు వచ్చిన అనుమానం. పోయకమ్మా అంటే చాలు. ఒక్క మాట. నేను, “తల పైకెత్తి పట్టుకొని మెల్లగా పోయండి, ఏం కాదు” అన్నాను. ఏడు నిమిషాలు నిండే వరకు దాణా గురించి కూడా మాట్లాడాను.

అత్త మీది కోపం దుత్త మీద అంటారు. దుత్త పగిలితే పాలే పోతాయి. నేను ప్రాణం తీశాను. నోరు లేని దాన్ని. పైగా దాని జున్ను తిని.

పెట్టేశాక సంచి దించి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. పిలుస్తారేమో అని. నేనే కదా పిలవొద్దన్నది. ఒకసారి వాళ్ల గల్లీ మలుపు దాకా వెళ్లాను, వెనక్కి వచ్చాను.

అక్టోబర్ 21

ఛీ.

అక్టోబర్ 22, బుధవారం

రోజ మేడమ్ ఫోన్. చాలా సంతోషంగా ఉంది.

“కోమల గారూ, శుక్రవారం కాల్‌కి ఐదు స్టార్లు వచ్చాయి. ‘డాక్టరమ్మ ఎంతో ఓపికగా మాట్లాడింది, మా బర్రె పోయింది గానీ ఆమె తప్పేం లేదు’ అని రాశారు. పశువు చనిపోయినా ఐదు స్టార్లు రావడం మన దగ్గర ఇదే ఫస్ట్ టైమ్! ఆ కాల్‌ను ట్రైనింగ్‌లో కొత్తవాళ్లకు వినిపిద్దామనుకుంటున్నాం.”

“అది తప్పు సలహా మేడమ్. పడుకున్న పశువుకు నోట్లో పోయమన్నాను. అందుకే చచ్చింది.”

“టోన్ చాలా బాగుందండి” అంది. “మనం టోన్ కోసమే వినిపిస్తాం.”

దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే మనుషులు వీళ్లు.

ఇక ఊళ్లో సంగతి. కోమల దిష్టి పెట్టింది, కోమల నోటితో అన్నది, అన్నట్టే అయింది. ఇదీ మాట. పొద్దున అక్కమ్మ మేకలకు మందు తాగించడానికి వెళితే, మేకలను లోపలికి తోలి తలుపు వేసుకుంది. ఆరేళ్లుగా నా చేత మందు పట్టించుకున్న అక్కమ్మ! మేకకు కడుపు ఉబ్బి కొట్టుకుంటున్నా వద్దంది. నూనె తాపుకుంటాలే అంది. ఇలా ఒక్కొక్కరూ తలుపు వేసుకుంటే రేపు నా సంచి నేను తగిలించుకొని తిరగాల్సిందే. పశుమిత్ర పని పోతే నాకు మిగిలేది సహజ ఒక్కతే.

బాలకిషన్‌కు మొత్తం చెప్పాను. ఈసారి నవ్వలేదు. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“చెప్పకు” అన్నాడు. “చెప్తే బర్రె ఎన్కకొస్తదా? గిప్పుడు దిష్టి అంటున్నరు, నాలుగు దినాలైతే మర్సిపోతరు. సంపిన అని నీ నోటితోని అన్నవనుకో, ఇగ ఖేడ్‌ల ఉండనిస్తరా? ఫోన్ పని పాయె, మందుల పని పాయె. పరేషానే గదా?”

“మరి ముద్ద దిగుతలేదు నాకు.”

“జర్ర దినాలైతే దిగుతది.”

మంచివాడే. కానీ వాడు చెప్పినట్టు దిగితే, అప్పుడు నేనేం మనిషిని?

అక్టోబర్ 24, శుక్రవారం

సాయంత్రం నాలుగింటికి చుక్క పెట్టాను. పెట్టకపోతే తీసేస్తామని మెసేజ్ వచ్చింది. పెట్టిన రెండో నిమిషంలో మోగింది. శివాని. “మేడమ్, మీరెప్పుడొస్తరా అని రెండు దినాల సంది చూస్తున్నం. వేరే డాక్టర్ వద్దంటున్నది మా అవ్వ.”

కల్లమ్మ అందుకుంది. “డాక్టరమ్మా, తల్లి పాయె. గిప్పుడు దూడ గూడ పోయేటట్టున్నది. మొన్నటి సంది పారుకుంటున్నది. పాలు పడ్తలేదు, కండ్లు లోపలికి పోయినయ్. నాకు నువ్వే దిక్కు తల్లీ.”

సహజ గొంతు తెచ్చుకుందామని నోరు తెరిచాను. రాలేదు. ఫోన్ పెట్టేశాను. సంచి తీసుకున్నాను. చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు, వాళ్ల గేటు దగ్గర చూసుకుంటే వేసుకునే ఉన్నాను.

గేటు నేనే తీశాను. కల్లమ్మ లేచి వచ్చింది. “ఏయ్! ఎందుకొచ్చినవే? ఎవరు రమ్మన్నరు నిన్ను? తల్లిని మింగినవ్, చాలలేదా?”

“జరుగు అవ్వా” అని పక్కనుంచి వెళ్లిపోయాను. శివాని కొట్టం ముందు నిలబడి మళ్లీ డాక్టరమ్మకు ఫోన్ చేస్తోంది. నా సంచిలో ఫోన్ మోగింది. తను ఆపింది, అదీ ఆగింది. మళ్లీ చేసింది, మళ్లీ మోగింది. శివాని నా సంచి వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది. ఫోన్ కిందికి దించింది. ఆ పిల్ల చాలా తెలివైనది.

దూడ గడ్డి మీద పడి ఉంది. తోలు పట్టి లాగితే తిరిగి సర్దుకోవడానికి చాలాసేపు పట్టింది. విరేచనాలతో ఒంట్లో నీళ్లన్నీ పోయాయి. దుకాణం పాకెట్ పాలు చిక్కగా, చల్లగా సీసాతో పోస్తున్నారట. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు, బెల్లం కలిపి తెమ్మన్నాను. శివాని పరుగెత్తింది. రెండు వేళ్లు దూడ నోట్లో పెట్టాను. మొదట ఊరికే ఉంది. తర్వాత మెల్లగా చప్పరించింది. అలాగే మూతిని గిన్నెలోకి దించాను.

కల్లమ్మకు ఆగలేదు. ఎంతైనా దూడ కదా, వచ్చి దాని తల పట్టుకొని పైకి ఎత్తబోయింది.

“ఎత్తకు అవ్వా!” అని అరిచాను. “తల ఎత్తొద్దు. కిందికే ఉండాలె. బర్రెకు గట్లనే తలెత్తి పోసిన్రు. మందు ఊపిరితిత్తులల్లకు పోయింది. గందుకే సచ్చింది. నా నోటికి కాదు.”

“తలెత్తి పట్టుమని డాక్టరమ్మనే చెప్పింది!”

“గా డాక్టరమ్మను నేనే.”

కల్లమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వింది. వారం నుంచి ఏడ్చిన ముఖంతో నవ్వింది.

“నువ్వా? థూ నీ యవ్వ! గా డాక్టరమ్మ మాటేంది, నీ మాటేంది? పెద్ద చదువు చదివిన పిల్ల ఆమె. ఆమె గొంతు ఇంటెనే సగం రోగం పోతది. నువ్వు ఆమెవా? సిగ్గు లేదానే?”

దూడ నా వేళ్లు చప్పరిస్తూనే ఉంది. నేను తల ఎత్తలేదు. గిన్నె వైపు చూస్తూనే అన్నాను.

“కల్లమ్మ గారూ, కంగారు పడకండమ్మా. గేదె చెవులు ఒకసారి పట్టుకొని చూడండి. చల్లగా ఉన్నాయా? అటువంటి వాళ్ల చేత వైద్యం చేయించకండి. తల పైకెత్తి పట్టుకొని మెల్లగా పోయండి, ఏం కాదు.”

కల్లమ్మ రెండు చేతులూ జోడించింది. నాకు, పేడలో మోకాళ్ల మీద కూర్చున్న నాకు. ఆ గొంతు వినగానే చేతులు వాటంతట అవే లేచాయి. లేచిన చేతులను ఆమే చూసుకుంది. అప్పుడు అర్థమైంది ఆమెకు. చేతులు విడిపోయాయి. గోడ పట్టుకొని కూర్చుంది.

“నువ్వేనా?” అంది. “నా ఎమ్మెను నువ్వేనా సంపింది?”

“నేనే అవ్వా. సూది సంచిలనే ఉండె. నువ్వు నన్ను గా మాటలన్నవని కోపమొచ్చింది. కోపంతోని గట్ల చెప్పిన.”

కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. శివాని ఏడుస్తోంది. కల్లమ్మ ఏడవలేదు. చాలాసేపు దూడ వైపే చూసింది. అది గిన్నె సగం తాగి, మూతి తుడుచుకోవడానికి నా మోకాలికి రాసింది.

“గా దినం గేటుకాడ సగమే పిండమన్నవ్ గదనే” అంది. గొంతులో తిట్టు లేదు, నిజంగా అడుగుతున్నట్టే ఉంది. “గప్పుడు గీ గొంతుతోని ఎందుకు చెప్పలే? గీ గొంతుతోని చెప్తే నేను ఇనకపోతుంటినా? మా లెక్కనే మాట్లాడ్తివి. మా లెక్క మాట్లాడితే నీకేమొస్తదనుకుంట?”

ఆమె మీద అసహ్యం వేసింది, నా మీద ఇంకా ఎక్కువ వేసింది. గిన్నె మళ్లీ ముందుకు జరిపాను.

ఇంటికి వచ్చి ఆప్ తీసేశాను. రోజ మేడమ్ నంబర్ కూడా. రేపు డాక్టర్ సార్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాలి. ఆయన నన్ను పనిలో ఉంచుతాడో లేదో తెలియదు. ఊళ్లో తెల్లవారేసరికి అందరికీ తెలుస్తుంది. బాలకిషన్ తిట్టలేదు గానీ నాతో మాట్లాడడం లేదు.

దూడకు పొద్దున ఆరింటికి మళ్లీ పట్టాలి. నేను లేచి వస్తుంటే కల్లమ్మ నా దిక్కు చూడలేదు. “పొద్దుగాల జల్దీ రా” అని దూడతో అన్నట్టు అంది.